సుడి గెలాక్సీలు ఎటు తిరుగుచున్నవి?



కార్తికమాసపు చివరి దినములలో, చంద్రుడు లేని రాత్రి, ఎనిమిది తొమ్మిది గంటల వేళ, ఊరి దీపములకు దూరముగా పొలము గట్టున నిలిచి ఆకాశమును చూడుడు. నడినెత్తి నుండి కొంత ఉత్తరముగా, ఉత్తరాభాద్ర నక్షత్రమునకు ఈశాన్యదిక్కున, ఒక చిన్న మసక మచ్చ కనబడును. అద్దముపై ఊపిరి విడిచినపుడు పట్టు ఆవిరి వలె నుండును. కన్ను మంచిదై, గాలి తేటగా నున్నచో అద్దాలు, గొట్టములు అక్కరలేదు. దానికి పాశ్చాత్యులు ఆండ్రోమిడా యని పేరిడిరి. అది మేఘము కాదు, ఒంటి నక్షత్రమును కాదు. కోట్లకు కోట్లు సూర్యులు గుమిగూడిన మహాకూటమి. కాంతి సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పరుగెత్తును గదా. అట్టి కాంతికే అక్కడి నుండి మన కంటిని చేరుటకు సుమారు 25 లక్షల సంవత్సరములు పట్టును.

ఇట్టి కూటములను నేడు గెలాక్సీ లందురు. మన సూర్యుడు నివసించు పాలపుంతయు అట్టిదే. వీనిలో అనేకములు పలుచని పళ్లెము వలె నుండి, నడుమ ఉబ్బెత్తుగా, చుట్టును వంగిన బాహువులతో ఏటి సుడిని బోలియుండును. వానిని సుడి గెలాక్సీ లందము. ఈ సుడులు ఎటు తిరుగుచున్నవి? ఆ సంగతిని ఖగోళశాస్త్రజ్ఞులు ఎట్లు తెలిసికొనిరి? ఇదియే నేటి నా ప్రసంగవిషయము.

ఈ విషయమునే యెన్నుకొనుటకు నాకొక కారణము కలదు. నేను వృత్తిచేత తెలుగు పండితుడను. చిన్ననాట గురుముఖమున వ్యాకరణము, తర్కము, పంచాంగగణితము కొంత చదివితిని. పిదప ముప్పది యేండ్లు బడిపంతులుగా నుంటిని. ఒకనాడు సామాన్యశాస్త్రోపాధ్యాయుడు సెలవులో నుండగా ఆయన తరగతికి నన్ను పంపిరి. గోడపై సుడి గెలాక్సీ పటము వ్రేలాడుచుండెను. వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, "మాస్టారూ, ఇది ఎటు తిరుగుతుందండీ?" అని యడిగెను. నేను తడుముకొనక, "కనబడుట లేదా? చేతులు ఎటు వంగినవో అటే" అంటిని. ఆ బాలుడు కూర్చొనలేదు. "చేతులు వెనక్కి వంగి ఉండొచ్చు, ముందుకీ వంగి ఉండొచ్చు కదండీ. ఎటు తిరిగినా బొమ్మ ఇదే కదండీ?" అనెను. నాకు సమాధానము తోచలేదు. "కూర్చో" అంటిని. వాడు కూర్చుండెను. ఉద్యోగవిరమణానంతరము ఈ విషయమును గూర్చి చదివిన పిమ్మట, ఆ బాలుడు వేసిన ప్రశ్ననే మహాశాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దములు వాదించుకొనిరని తెలిసినది. ఆనాడు వానికి చెప్పవలసిన సమాధానమును నేడు మీ యెదుట చెప్పుచున్నాను.

మొదట ఒక చిక్కు చూడుడు. తిరుగుచున్న వస్తువును కొంతసేపు చూచినచో ఎటు తిరుగుచున్నదో తెలియును. కాని గెలాక్సీ తిరుగుట మనుష్యుని కాలమానమున కందునది కాదు. మన సూర్యుడు పాలపుంత నడిబొడ్డు చుట్టు ఒక్కమారు తిరిగివచ్చుటకు ఇరువది కోట్ల సంవత్సరములకు మించి పట్టును. తాత చూచిన చిత్రమును మనుమడు చూచినను వెంట్రుకవాసి భేదము కంటికి కనబడదు. కావున ఇచ్చట ప్రత్యక్షము పనికిరాదు, అనుమానప్రమాణమే శరణ్యము. కొండపై పొగను చూచి నిప్పున్నదని యూహించుట వంటిది. అయితే మంచును చూచి పొగ యనుకొన్నచో నిప్పు దొరకదు. బాహువుల వంపును మాత్రమే చూచి తిరుగుడు దిక్కును చెప్పుట అట్టి తప్పుడు హేతువు. నేను బాలునకు చెప్పినది అదియే.

సరియైన మార్గమునకు రెండు ప్రశ్నలకు జవాబు కావలెను. గెలాక్సీ యొక్క ఏ కొన మనవైపు వచ్చుచున్నది, ఏ కొన మననుండి పోవుచున్నది అనునది మొదటిది. మనవైపు వాలియున్న ఆ పళ్లెమునకు ఏ అంచు మనకు దగ్గర, ఏ అంచు దూరము అనునది రెండవది. ఈ రెండును కలిసిననే దిక్కు తేలును. ఒకటి తెలిసి రెండవది తెలియకున్నచో ఏమియు తేలదు.

మొదటి ప్రశ్నకు జవాబు రైలుబండి కూతలో నున్నది. స్టేషనులో ఆగకుండ పోవు బండి కూత వేయుచు మన దగ్గరకు వచ్చునపుడు ఆ కూత సన్నగా, హెచ్చు శ్రుతిలో వినబడును. మనలను దాటిపోవుటతోడనే శ్రుతి తగ్గి బొంగురుపోవును. బండిలోని కూత మారలేదు. వచ్చునపుడు శబ్దతరంగములు దగ్గరపడినవి, పోవునపుడు ఎడమైనవి. ఈ సూత్రమును 1842లో ప్రాగ్ నగరమున క్రిస్టియన్ డాప్లర్ అను పండితుడు చెప్పెను. 1845లో హాలెండు దేశమున బైస్ బాలట్ అను శాస్త్రజ్ఞుడు రైలుబండిపై బాకాలు ఊదువారిని కూర్చుండబెట్టి, దారిప్రక్కన స్వరజ్ఞానము గలవారిని నిలిపి ఇది నిజమని పరీక్షించెను.

కాంతియు తరంగమే గనుక ఇదే న్యాయము దానికిని చెల్లును. కాంతిని గాజు పట్టకము గుండ పంపినచో ఇంద్రధనుస్సు వలె రంగులు విడిపోవును. దానిని వర్ణపట మందురు. నక్షత్రకాంతి వర్ణపటములో నడుమ నడుమ సన్నని నల్లని గీతలు కనబడును. ఒక్కొక్క మూలద్రవ్యమునకు ఒక్కొక్క గీతల వరుస. వాని తావులు నిర్ణీతములు. వెలుగునిచ్చు వస్తువు మనవైపు వచ్చుచున్నచో ఆ గీతలు నీలపు కొనవైపు కొంచెము జరుగును. దూరముగ పోవుచున్నచో ఎరుపు కొనవైపు జరుగును. ఎంత జరిగినదో కొలిచి వేగమును లెక్కింపవచ్చును. ఆ జరుగుట ఎంత స్వల్పమనగా, సెకనుకు 250 కిలోమీటర్ల వేగమునకు గీత స్థానము 1,200 వంతులలో నొక వంతు మాత్రమే మారును.

ఈ పనిని గెలాక్సీల విషయమున మొదట సాధించినవాడు అమెరికాలో, అరిజోనా రాష్ట్రమున ఫ్లాగ్‌స్టాఫ్ నందలి లోవెల్ వేధశాలలో పనిచేసిన వెస్టో స్లైఫర్. ఆయన 1912లో ఆండ్రోమిడా కాంతి వర్ణపటమును ఛాయాచిత్రమున పట్టి, అది మొత్తము మీద సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగముతో మనవైపు వచ్చుచున్నదని కనుగొనెను. పిదప కన్యారాశిలోని మరియొక గెలాక్సీని పరీక్షించెను. అది అంచువైపుగా కనబడుచు, నడుమ నల్లని పట్టీతో, వెడల్పు అంచుల టోపీ వలె నుండును. అందుచేత మెక్సికో టోపీ పేరున సాంబ్రెరో అని పిలుతురు. దాని పొడవు వెంబడి కాంతిని సన్నని చీలిక గుండ తీసికొని చూడగా, నల్లగీతలు నిలువుగా నుండుటకు మారుగా ఏటవాలుగా నుండెను. ఒక కొన కాంతి నీలమువైపు, రెండవ కొన కాంతి ఎరుపువైపు జరిగినదన్నమాట. ఒక కొన వచ్చుచున్నది, ఒక కొన పోవుచున్నది. గెలాక్సీ తిరుగుచున్నదని 1914లో ఆయన ప్రకటించెను.

ఆ దినములలో ఈ పనికి ఎంత ఓపిక కావలెనో చూడుడు. కాలిఫోర్నియాలో మౌంట్ విల్సన్ వేధశాలయందు ఫ్రాన్సిస్ పీజ్ అను శాస్త్రజ్ఞుడు 1917లో ఆండ్రోమిడా తిరుగుటను కొలుచుటకై ఒక్క వర్ణపటమునకు ఎనుబది గంటలకు దగ్గరగా వెలుగు పట్టెను. ఒక రాత్రి ఎనుబది గంటలుండదు గదా! తెల్లవారగానే పలకను మూసి, మరునాటి రాత్రి మరల అదే తావున తెరచి, ఇట్లు అనేక రాత్రులు జరిపెను.

మొదటి ప్రశ్న తీరినది. ఇక రెండవ ప్రశ్న యేల? భోజనపు కంచము నొకదానిని చేతులతో పట్టుకొని మీ ముఖము నెదుట కొంచెము వాల్చి చూడుడు. గుండ్రని కంచము కోడిగ్రుడ్డు వలె కనబడును. దాని యెడమకొన మీవైపు వచ్చుచున్నది, కుడికొన మీనుండి పోవుచున్నది అనుకొనుడు. క్రింది యంచు మీకు దగ్గరగా నున్నచో, ఎడమనుండి మీవైపు వచ్చునది క్రిందికి వచ్చును. అచ్చటనుండి కుడికి, పిదప పైకి పోవును. అనగా గడియారపు ముల్లునకు వ్యతిరేకముగా, అప్రదక్షిణముగా తిరుగుచున్నది. పై యంచు దగ్గరగా నున్నచో, ఎడమనుండి వచ్చునది పైకి పోయి, కుడికి దిగి, క్రిందుగా మరలును. అనగా ప్రదక్షిణము. చూచితిరా? వేగముల కొలత రెంటియందును ఒక్కటే. కంచము ఎటు వాలినదో దానిని బట్టి దిక్కు తలక్రిందులైనది. చిత్రములో మాత్రము రెండు కంచములును ఒకే రీతిగా కనబడును. ఈ చిక్కే శాస్త్రజ్ఞులను ముప్పదియేండ్లు వేధించినది.

దీనికి ఉపాయము మన కళ్లములో నున్నది. పూర్వము కుప్పనూర్పు రాత్రులలో పశువులను గుంజ చుట్టు త్రిప్పుచు, వెంట నడచు మనిషి లాంతరు పట్టుకొనుట మీలో పలువురు చూచియుందురు. దూరపు గట్టునుండి చూచువానికి ఆ దీపము ఎడమకును కుడికిని పోవుట కనబడును గాని, అది ఇవతలి ప్రక్కనున్నదో అవతలి ప్రక్కనున్నదో తెలియదు. కాని కళ్లము నడుమ గడ్డికుప్ప యున్నచో, దీపము దాని చాటున మరుగైన క్షణమున అవతల నున్నదని తెలియును. ఏది దేనిని కప్పుచున్నదో చూచినచో ఏది ముందున్నదో తేలును.

గెలాక్సీలో కప్పునది దుమ్ము. బాహువుల నడుమ, పళ్లెమంత పలుచని పొరగా, పొగవంటి సన్నని ధూళి పరచుకొనియుండును. నడిబొడ్డునందలి నక్షత్రముల గుంపు మాత్రము పళ్లెమునకు పైకిని క్రిందికిని ఉబ్బియుండును. పళ్లెము వాలియున్నపుడు, మనకు దగ్గరగా నున్న సగములోని దుమ్ము ఆ ఉబ్బెత్తు కాంతికిని మన కంటికిని నడుమ పడును. కనుక నల్లని చారలుగా స్పష్టముగా కనబడును. దూరపు సగములోని దుమ్ము ఉబ్బెత్తునకు వెనుకనుండును. నక్షత్రముల వెలుగు దానికి ముందుండుటచే చారలు మాసిపోవును. కావున ఏ వైపున నల్లచారలు నడిబొడ్డును కోసినట్లు కనబడునో ఆ వైపు మనకు దగ్గర. స్లైఫర్ 1917నాటికే ఈ హేతువును గ్రహించి, ఈ సుడులు గడియారపు స్ప్రింగును చుట్టినట్లు తిరుగుచున్నవని, అనగా బాహువుల కొనలు వెనుకబడి యున్నవని చెప్పెను.

ఇప్పుడు మన కార్తికమాసపు మచ్చకే ఈ రెండు జవాబులను అన్వయింతము. ఆండ్రోమిడా మొత్తము మనవైపు వచ్చుచున్నదని చెప్పితిని. ఆ మొత్తపు వేగమును తీసివేసి చూచినచో, దాని నైరృతి కొన మనవైపు వచ్చుచున్నది, ఈశాన్యపు కొన మననుండి పోవుచున్నది. నల్లచారలు వాయవ్యపు ప్రక్కను స్పష్టముగా నున్నవి; కనుక వాయవ్యపు అంచు మనకు దగ్గర. నైరృతినుండి మనవైపు వచ్చునది దగ్గరి అంచైన వాయవ్యమునకు వచ్చి, అచ్చటనుండి ఈశాన్యమునకు, పిదప ఆగ్నేయమునకు పోవలెను.

ఇది వినినంతనే పెద్దలు "ఇది ప్రదక్షిణమే గదా" యందురు. నేలపై నైరృతి, వాయవ్యము, ఈశాన్యము, ఆగ్నేయము అను క్రమము ప్రదక్షిణమే. కాని మనము చూచునది నేలను కాదు, తలపైనున్న ఆకాశమును. ఉత్తరము పైకి వచ్చునట్లు ఆకాశపటమును తలపై నెత్తి పట్టినచో తూర్పు ఎడమచేతివైపునకు వచ్చును. కనుక మన కంటికి ఆండ్రోమిడా అప్రదక్షిణముగా తిరుగుచున్నది. నేనును మొదట లెక్కించినపుడు ఇచ్చటనే పొరపడితిని.

ఇంకొక సంగతి. ప్రదక్షిణము, అప్రదక్షిణము అనునవి చూచువాని తావును బట్టి మారును. ఎడ్లబండి ముందుకు పోవుచుండగా కుడిప్రక్కన నిలిచినవానికి చక్రము ప్రదక్షిణముగా తిరుగును. ఎడమప్రక్కన నిలిచినవానికి అదే బండి చక్రము అప్రదక్షిణముగా తిరుగును. ఇద్దరిలో నెవ్వడును అబద్ధమాడలేదు. ఆండ్రోమిడాను వెనుకనుండి చూచువా డున్నచో వానికి ప్రదక్షిణమే. అందుచేత శాస్త్రజ్ఞులు చూచువానితో నిమిత్తము లేని ప్రశ్న వేసికొనిరి: తిరుగునపుడు బాహువుల కొనలు వెనుకకు వ్రాలియున్నవా, ముందుకు చాచియున్నవా? పరుగెత్తువాని యుత్తరీయము వెనుకకు ఎగురునట్లున్నవా, లేక దారి వెదకువాని చేతికఱ్ఱ వలె ముందు నడచుచున్నవా? దీనికి జవాబు ఎటునుండి చూచినను ఒక్కటే. మా బాలుడడిగినదియు సరిగా ఇదియే.

స్లైఫర్ వెనుకబడు బాహువులన్నాడని చెప్పితిని. కాని అందరును ఒప్పలేదు. మౌంట్ విల్సన్ లోనే పనిచేసిన ఆడ్రియాన్ ఫాన్ మానెన్ అను హాలెండు దేశీయుడు 1916 మొదలుకొని వేరొక మార్గమున పోయెను. సప్తర్షిమండలమున వసిష్ఠ మరీచి నక్షత్రములకు సమీపముననున్న 101వ సంఖ్య గల మెస్సియే గెలాక్సీ చిత్రములను, కొన్నియేండ్ల వ్యవధితో తీసినవానిని, ప్రక్కప్రక్కన నుంచి సూక్ష్మముగా కొలిచి, అది తిరుగుట తాను కనుగొంటిననియు, 85,000 ఏండ్లకు ఒక చుట్టనియు ప్రకటించెను. ఆయన కొలతలో పదార్థము బాహువుల వెంబడి బయటికి ప్రవహించుచుండెను. అనగా దిక్కు స్లైఫరు చెప్పినదానికి విరుద్ధమైనది.

దిక్కు మాట యట్లుండగా, ఈ కొలత ఇంకొక పెద్ద విషయమును చిక్కులో పెట్టెను. సుడులు అంత త్వరగా తిరుగుచున్నచో అవి మిక్కిలి దూరమున నుండజాలవు. ఉన్నచో వాని అంచులు కాంతికంటె వేగముగా పోవలసివచ్చును. అందుచేత అవి మన పాలపుంతలోనివే యని హార్లో షాప్లీ 1920లో వాషింగ్టన్ సభలో వాదించెను. హీబర్ కర్టిస్ ఎదిర్చెను. 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమిడాలో వెలుగు పెరిగి తరుగు నక్షత్రము నొకదానిని కనుగొని, దాని సాయమున ఆండ్రోమిడా పాలపుంతకు వెలుపల, ఎంతో దూరమున నున్నదని నిరూపించెను. 1935లో ఆయన ఫాన్ మానెన్ పరీక్షించిన సుడులలో కొన్నిటిని మరల కొలువగా ఆ కదలిక కనబడలేదు. ఫాన్ మానెన్ అబద్ధికుడు కాడు, శ్రద్ధగల కొలతగాడే. కాని కన్నునకు అందని సూక్ష్మతలో, కొలతయందు దొరలిన దోషమును నిజమైన కదలికగా భ్రమించెను. ఆ భ్రమను నమ్మి పెద్దలు విశ్వమునే కుదించి చూచిరి. చిన్న ప్రశ్నయని తోచుదానిలో తప్పు చేసినచో అది ఎంత దూరము పోవునో దీనివలన తెలియును.

స్వీడను దేశపు బెర్టిల్ లిండ్‌బ్లాడ్ వాదము వేరు. పాలపుంత తిరుగుటను గూర్చి గొప్ప సిద్ధాంతము చేసిన పండితుడాయన. గణితమును బట్టి బాహువులు ముందుకు చాచియుండవలెనని ఆయన చాలకాలము వాదించెను. వేగముల కొలతను ఎవరును కాదనలేదు. వివాదమంతయు ఏ అంచు దగ్గరిదను దానిపైననే. 1943లో హబుల్, దుమ్ముచారలు స్పష్టముగా కనబడు గెలాక్సీలను ఏరి, వాని వేగములతో జతచేసి చూచి, బాహువులు వెనుకబడియే యున్నవని నిర్ణయించెను. 1958లో జెరార్ ద వొకులోర్ మరల పరీక్షించి దానిని బలపరచెను. నేడు సర్వసాధారణముగా సుడి గెలాక్సీల బాహువులు వెనుకబడునవే యని శాస్త్రజ్ఞులు అంగీకరించుచున్నారు.

ఇట్లు నియమము స్థిరపడిన పిమ్మట, "ఇక దుమ్మును, వేగములను వెదకనేల? బాహువుల వంపును చూచిన చాలును గదా!" యని తోచవచ్చును. చాలమారులు చాలును. కాని సెంటారస్ అను దక్షిణ నక్షత్రమండలమున, 11 కోట్ల కాంతి సంవత్సరములకు పైబడిన దూరమున, 4622 అను సంఖ్యతో పట్టికలో కెక్కిన గెలాక్సీ యొకటి కలదు. దాని లోపలి బాహువు ఒకవైపునకు, వెలుపలి రెండు బాహువులు రెండవవైపునకు వంగియున్నవి. ఎటు తిరిగినను ఏదో యొకటి ముందుకు చాచినట్లే గదా! లోపలిదే అట్టిదని పలువురు ఊహించిరి. అమెరికా శాస్త్రజ్ఞులు రొనాల్డ్ బ్యూటా, జీన్ బర్డ్, టార్ష్ ఫ్రీమన్ అనువారు హబుల్ పేరనున్న అంతరిక్ష దూరదర్శినితో దుమ్ముచారలను చూచి, వేగములను జతచేసి, అది ప్రదక్షిణముగా తిరుగుచున్నదనియు, వెలుపలి రెండు బాహువులే ముందుకు చాచియున్నవనియు 2002లో ప్రకటించిరి. తోటి శాస్త్రజ్ఞులు మొదట నమ్మలేదు. వారు మరల పరీక్షించి తమ నిర్ణయమును నిలుపుకొనిరి. నియమమును సాక్షి స్థానమున కూర్చుండబెట్టరాదని దీనివలన తెలియుచున్నది.

నేడు ఈ పరీక్షకు కంటికి కనబడు వెలుగే కావలెనని లేదు. గెలాక్సీలలోని ఉదజని వాయువు 21 సెంటీమీటర్ల పొడవు గల రేడియో తరంగమును వెలువరించునని 1944లో వాన్ డి హుల్స్ట్ ఊహించెను; 1951లో అది దొరికెను. నా మాటను మీ యింటికి తెచ్చునదియు రేడియో తరంగమే గదా. అది అంతకంటె పొడవైనది, అంతే భేదము. ఆ తరంగము జరుగుటను కొలిచి, నక్షత్రములు కానరాని అంచులలో సైతము వాయువు వేగమును పటమువలె గీయుదురు. మన దేశమున పుణె జిల్లాలో, నారాయణగావ్ సమీపమున ఖోడద్ అను పల్లెవద్ద, పొలముల నడుమ 45 మీటర్ల వ్యాసము గల 30 మహాపళ్లెరములు ఇట్టి పనికై నిలిచియున్నవి.

తిరుగుటను నేరుగా చూచుట అసాధ్యమనుకొన్నదియు చివరకు సాధ్యమైనది. ఫాన్ మానెన్ కదలికను చూచితి ననుకొన్న సుడులలో త్రికోణ మండలమునందలి 33వ మెస్సియే గెలాక్సీ యొకటి. దానిలో రెండు ఎదురెదురు ప్రక్కల నీటియావిరినుండి వెలువడు రేడియో వెలుగులను, వేలకొలది మైళ్ల ఎడముతో నెలకొల్పిన యంత్రములతో కొన్నియేండ్లు కొలిచి, అవి నిజముగా కదలుచున్నవని 2005లో ప్రకటించిరి. వృత్తమునకు 360 భాగలు, భాగకు 60 కలలు, కలకు 60 వికలలని మీరెరుగుదురు. ఆ కదలిక ఏటికి ఒక వికలలో లక్షవవంతులు సుమారు మూడు! ఫాన్ మానెన్ కొలిచితి ననుకొన్నది దీనికి కొన్నివందల రెట్లు. ఆయన ప్రశ్న సరియైనదే. ఆయన కాలమునకు తగిన పరికరము లేదు.

"గెలాక్సీ ఎటు తిరిగిన మనకేమి లాభము? పంట పండునా?" యని పూర్వపక్షము రావచ్చును. పండదు. కాని ఈ ప్రశ్న వెంట పోయినవారికి వేరు సంగతులు దొరికినవి. లోపలి నక్షత్రములు తమ చుట్టును త్వరగా ముగించును, వెలుపలివి ఆలస్యముగా ముగించును. కనుక వెనుకబడు బాహువు త్రాడు చుట్టుకొన్నట్లు బిగిసి కొలదికాలములోనే రూపుమాసిపోవలెను. పోలేదేమి? బాహువు ఎల్లప్పుడు అవే నక్షత్రములతో చేసిన వస్తువు కాదు, తరంగము వంటిదని 1964లో లిన్, షూ అను శాస్త్రజ్ఞులు సమాధానము చెప్పిరి. తిరునాళ్లలో ఇరుకు వంతెనపై జనసమ్మర్ద మెల్లప్పుడు నుండును. కాని అందులోని మనుష్యులు మాత్రము వచ్చువారు వచ్చుచు, పోవువారు పోవుచుందురు. బాహువు అట్టి సమ్మర్దము. 1970లో వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ అనువారు ఆండ్రోమిడా తిరుగు వేగమును అంచువరకు కొలువగా, అంచులలోను వేగము తగ్గలేదు. కనబడు నక్షత్రముల బరువు ఆ వేగమున కట్టివేయుటకు చాలదు. కంటికి కనబడని పదార్థమేదో అచ్చట నున్నదను విచారమునకు అట్టి కొలతలు బలమైన ఆధారములైనవి. అది ఏమో ఇంతవరకు తేలలేదు.

ఇంతకు నేను చెప్పినదాని సారమిది. వంపును చూచి దిక్కు చెప్పరాదు. ఏ కొన వచ్చుచున్నదో వర్ణపటము చెప్పును. ఏ అంచు దగ్గరో దుమ్ము చెప్పును. రెండు సాక్ష్యములును కలిసినపుడే తీర్పు.

మా తరగతిలోని ఆ బాలుని పేరు నాకు జ్ఞాపకము లేదు. ప్రశ్న మాత్రము మరపునకు రాలేదు. ఈ కార్తికమాసమున మీరు ఆ మసక మచ్చను చూపునపుడు, ప్రక్కనున్న పిల్లవాడు "ఇది ఎటు తిరుగుతుంది తాతయ్యా?" అని యడిగినచో, కూర్చోమనకుడు. ఒక కంచము తెప్పించి, వాని చేతికిచ్చి, వాల్చి చూడుమనుడు.